సున్నం చుక్క

గుడ్లు నాలుగు రోజులు రైల్లో వచ్చాయి. అంత దూరం నుంచి వచ్చిన మనిషైతే కాళ్ళు కడుక్కుని, గ్లాసెడు మజ్జిగ తాగి, ఒక పూటన్నా నడుం వాల్చుకుంటాడు. గుడ్లకు ఆ మర్యాద ఎవరు చేస్తారు? కొడవలూరు స్టేషన్లో దించుకున్న గంపను ఎద్దులబండిలో తన ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన గంగులయ్య, ఊరికి ఎడంగా ఉన్న పాళెంలో మగ్దలీనమ్మ గుడిసె ముందు దిగీ దిగకముందే తొందరపెట్టాడు.

"సాయంత్రం నాలుగున్నరకి మంచి గడియంట మే. ఆ పాటికి కోళ్ళ కింద పెట్టేసి ఉండాలన్నాడు అయ్య."

మగ్దలీనమ్మ గంప మూతకు కుట్టిన పురికొసను కొడవలి మొనతో తెంపింది. లోపలంతా తవుడు. చెయ్యి పెట్టి తడిమితే దూదిలో చుట్టిన గుడ్లు ఒక్కొక్కటీ తగిలాయి. పన్నెండు. ఒక్కటీ పగల్లేదు. ఒకదాన్ని తీసి చెంపకు ఆనించుకుంది. చల్లగా, బరువుగా, నాటుకోడి గుడ్డు కంటే కాస్త గుండ్రంగా ఉంది. పెంకు మీద ఎర్రమట్టి, పేడ మరకలు ఎండి అట్టకట్టి ఉన్నాయి.

"ఈ పొద్దే అంటే ఎట్టన్నా? దారంతా కుదుపులు తిని ఉంటాయి. ఒక రేయి మొన కిందికి పెట్టి కదపకుండా ఉంచితే లోపలి గాలి దాని చోటికి అది చేరుకుంటుంది. రేపు పెడదాం."

"ఆ మాట నాకు చెప్పి ఏం లాభం? పంచాంగం నేను రాసినానా?"

"పోనీ, అయ్యకు చెప్పు."

"నువ్వే చెప్పు, నీకు పుణ్యముంటది. మూడేళ్ళు జాబులు రాసి, ఆ ఉత్తరాది జమీందారు కాళ్ళు పట్టుకున్నంత పని చేసి తెప్పించినాడు. తెల్లకన్ను పందెంకోళ్ళ జాతి! పుంజునడిగితే ఇస్తారంట గానీ పెట్టను మాత్రం చచ్చినా గడప దాటనియ్యరంట. గుడ్లిచ్చిందే గొప్ప. ఇప్పుడు బోయి గుడ్లకు అలసటగా ఉండాది, పడుకోబెట్టాల అంటే నన్ను పడుకోబెడతాడు."

మగ్దలీనమ్మ గుడ్డును మళ్ళీ తవుడులో పెట్టింది. యాభై ఐదేళ్ళొచ్చాయి. చెప్పి ప్రయోజనం లేనిచోట ఊపిరి దండగ చేసుకోవడం ఆమె ఎప్పుడో మానుకుంది.

ఆ చుట్టుపక్కల గుడ్లు పొదగెయ్యాలన్నా, కాన్పు చెయ్యాలన్నా ఆమెనే పిలుస్తారు. ఆమె హస్తవాసి అలాంటిదని పేరు. గంగులయ్య పనిచేసే మేడ యజమాని పద్మనాభయ్యగారి పందెంజాతి పెట్టలకు ఒళ్ళు బరువు; గుడ్ల మీద కూచుంటే సగం చిదిమేస్తాయి. అందుకని ఆయన కోళ్ళ సంతానమంతా ఈ గుడిసెలో నాటుపెట్టల కిందే పుట్టి, నెల తిరక్కుండానే మేడకు పోతుంది.

పొదుగుకొచ్చిన పెట్టలు రెండున్నాయి, బొల్లిదీ ఎర్రదీ. రెండు గంపల్లో అడుగున బూడిద, బూడిద మీద ఇసుక, ఇసుక మీద నలిపి మెత్త చేసిన ఎండుగడ్డి పరిచింది. ఉరుముకు గుడ్లు చెడకుండా ఒక్కో గంపలో ఒక ఇనుపమేకు, రెండు బొగ్గుముక్కలు పెట్టింది. ఆ తర్వాత ఆరేసి గుడ్లు. ఆ ఆరింటి పక్కన తన నాటుకోడి గుడ్డు ఒకటి. దాన్ని ఆమె తోడుగుడ్డు అంటుంది. పెట్ట సరిగా కూచుందో లేదో ఆ గుడ్డే చెప్తుంది.

"కడగవా అత్తా? పేడ కంపు కొడతుండాయి" అంది కోడలు పుష్పకుమారి.

"గుడ్డు ఎప్పుడూ కడగబాక. పెంకు మీద సన్నంగా పొర ఉంటాది. కడిగితే అది పోతుంది, లోపలిది ఉక్కిరిబిక్కిరయి చస్తుంది."

పెట్టల్ని కూచోబెట్టి, రెండు గంపల మీదా చేతులుంచి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. మనిషి బిడ్డకైనా కోడిపిల్లకైనా ఆమె చేసే ప్రార్థన ఒకటే.

"అయిందా?" అని బయటనుంచి కేకేశాడు గంగులయ్య. ఇరవై ఏళ్ళుగా గుడ్లు మోసుకొస్తున్నాడు. ఆ గడప లోపలికి ఇంతవరకు అడుగు పెట్టలేదు. గుడ్డుకు లేని అంటు మనిషికెలా వచ్చిందో ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా ఆలోచించలేదు.

*

ఏడోనాడు పొద్దు బారెడెక్కాక మగ్దలీనమ్మ తలుపు మూసుకుంది. తలుపు చెక్కలో రూపాయి బిళ్ళంత చిల్లు ఉంది. ఆ వేళకు అందులోంచి ఎండ నేరుగా లోపలికి పడుతుంది. చిల్లుకు గుడ్డును ఆనించి, చుట్టూ చేతులు దొప్పలా మూస్తే లోపలున్నదంతా కనిపిస్తుంది.

ముందుగా బొల్లిదాని కింది తోడుగుడ్డు తీసింది. ఎర్రటి నరాలు సాలెగూడులా అల్లుకుని, నడుమ కందిగింజంత నల్లచుక్క కదులుతోంది.

"ఉండావా నాయనా" అంది దానితో.

తర్వాత ఉత్తరాది గుడ్డు. లోపల ఏమీ లేదు. పసుప్పచ్చగా, ఆ పూటే పెట్టిన గుడ్డులా తేటగా ఉంది. రెండోది తీసింది, అంతే. మూడోదీ అంతే. ఆరు చూసి ఎర్రదాని గంప దగ్గరికి వెళ్ళింది. అక్కడా తోడుగుడ్డు నిక్షేపంగా ఉంది. మిగతా ఆరూ ఉత్తివి.

గుడ్డు చేతిలోనే పట్టుకుని నేలమీద కూచుంది. అలిసిన గుడ్లు, ఆ పొద్దే పెట్టబట్టే ఇలా అయిందనుకుంది. కాళ్ళావేళ్ళా పడైనా ఒక్క రాత్రి ఆపాల్సిందని తన్ను తాను తిట్టుకుంది. కానీ అలిసిన గుడ్లు సగం పోతాయి. మరీ కాలం బాగోకపోతే ముప్పాతిక పోతాయి. పోయినవాటిలోనూ నాలుగైదు నరం వేసి ఆగిపోయి, ఎర్రగా ఒక గీత కనిపిస్తుంది. పన్నెండుకు పన్నెండూ ఒక్క నరమైనా వెయ్యకపోవడం ఆమె ఎక్కడా చూడలేదు.

కాదు, చూసింది. ఒక్కచోట చూసింది.

లేచి తడిగుడ్డ తెచ్చి, ఎప్పుడూ చెయ్యని పని చేసింది. గుడ్డు లావువైపు మట్టిని తుడిచింది. కింద నువ్వుగింజలో సగముండే మైనం చుక్క బయటపడింది. గోరుతో గీరితే లేచి వచ్చింది. దాని కింద సూది మొన దిగిన చిల్లు. ఇంకోటి తుడిచింది. ఇంకోటి. పన్నెండుకూ ఉన్నాయి.

ఆమెకు నవ్వొచ్చింది. గూట్లో, వేదపుస్తకం పక్కన ఉన్న దబ్బనం డబ్బా వైపు చూసింది. అందులో దబ్బనంతోపాటు సన్నసూది కూడా ఒకటుంది. పద్మనాభయ్యగారి కాకిడేగ జాతి కోసం ఎందరో అడుగుతారు. కాదనడానికి వీల్లేని వాళ్ళకు ఆయన నవ్వు మొహంతో గుడ్లిస్తాడు. ఇచ్చే ముందు గంగులయ్య వాటిని ఈ గుడిసెకు తెస్తాడు. లావువైపు సూదితో ఒక పోటు, లోపల ఒక తిప్పు, పైన తమలపాకులకు రాసుకునే సున్నం ఒక చుక్క. గుడ్డు చూడ్డానికి చక్కగానే ఉంటుంది. రెండు వారాలు దాటాక మురుగుతుంది. తీసుకున్నవాళ్ళు వానను తిట్టుకుంటారు, కోడిని తిట్టుకుంటారు, పొదగేసిన ఆడదాన్ని తిట్టుకుంటారు. మేడలో ఆడవాళ్ళు ఈ పని ముట్టరు, పాపమంటారు. పాపాలన్నీ పాళేనికి పంపడం వాళ్ళకు అలవాటే.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడంటే ఏమో అనుకుంది గానీ, ఆ తన్నేవాడు ఇంత దూరంనుంచి రైల్లో తంతాడనుకోలేదు.

*

"పోబాక అత్తా" అంది పుష్పకుమారి. "పోయి ఏం చెప్తావు? సూదిచిల్లని నీకెట్ట తెలిసిందంటే ఏమంటావు?"

"ఆయనకు తెలీదా?"

"తెలిసినోడికి చెప్పేదెందుకు మరి?"

"నా చెయ్యి కాదని చెప్పుకోవద్దా మే?"

"ఈ గుడిసె వేసింది ఆయన గట్టు మీద. అది గుర్తు పెట్టుకుని మాట్లాడు." పుష్పకుమారి నోరు కారంగా ఉంటుంది గానీ మాట అబద్ధం కాదు.

మగ్దలీనమ్మ పద్నాలుగు గుడ్లూ గడ్డి పరిచిన చిన్న బుట్టలో పెట్టుకుని, తోడుగుడ్లకు వేడి పోకుండా పైన పాతచీర కప్పి బయల్దేరింది.

మేడ పెరట్లో కొబ్బరాకు పందిళ్ళ కింద పుంజులు కాళ్ళకు తాళ్ళతో వరసగా ఉన్నాయి. గంగులయ్య ఒకదాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని వేడి గుడ్డతో తొడలు ఒత్తుతున్నాడు. పంచలో పద్మనాభయ్యగారు, ఆయనతో నలుగురు పెద్దమనుషులు. సమితి ఎన్నికలు దగ్గరపడినప్పటినుంచి ఆ పంచ ఖాళీగా ఉండటం లేదు. ఆయన చేతిలో ఉత్తరాది జమీందారు రాసిన జాబు ఉంది. దాన్ని వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపించడం ఆ వారమంతా జరుగుతోంది.

"ఏం మగ్దలీనా? నరాలేసినాయా?"

ఆమె మెట్టు కిందే నిలబడింది. "లేదయ్యా. పన్నెండూ ఉత్తివే."

పంచలో వాళ్ళంతా ఇటు తిరిగారు. పుంజొకటి కూసింది.

"ఒకసారి మీరే చూడండయ్యా. లావువైపు."

తుడిచిన గుడ్డును, మైనం గీరనిదాన్ని, మెట్టు మీద పెట్టింది. గంగులయ్య లేచొచ్చి దాన్ని ఆయనకందించాడు. పద్మనాభయ్యగారు గుడ్డు తిప్పి చూశాడు. బొటనవేలు పెంకు మీద పోతూ పోతూ ఒకచోట ఆగింది. గోరు ఆనించాడు. మైనం లేచింది. ఆయన ముఖం మారలేదు గానీ చెవులు మాత్రం కందిపోయాయి. ఒక్క క్షణం గంగులయ్యను చూశాడు. గంగులయ్య అప్పటికే పుంజు తొడ మీద తల వంచేశాడు.

"ఏందండీ, ఏముందక్కడ?" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన.

"ఏముంది? పేడ మరక" అని పద్మనాభయ్యగారు బొటనవేలు పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత మగ్దలీనమ్మ వైపు చూడకుండా అందరికీ వినపడేలా అన్నాడు: "నాలుగు రోజులు రైలు చెడగొట్టలేదు. రైళ్ళు మార్చినోళ్ళు చెడగొట్టలేదు. దీని చేతిలోకొచ్చి చెడినాయి."

"తోడుగుడ్లు బతికుండాయయ్యా. అవే పెట్టల కింద, అదే గడ్డి మీద..."

"అదే నేననేది! నీ గుడ్లు బతికినాయి, నావి చచ్చినాయి. వినేవాళ్ళేమన్నా పిచ్చోళ్ళా?"

"వయసు మీద పడితే హస్తవాసి పోతుందండీ" అన్నాడు ఆ పెద్దమనిషి సానుభూతిగా. ఎవరి మీద సానుభూతో ఆయనకే తెలియాలి.

మూడేళ్ళు ఊరంతా చాటుకున్న మనిషి. నన్ను పిచ్చోణ్ణి చేశాడు ఆ జమీందారు అని నలుగురి ముందు ఎలా అంటాడు? అందుకని ఆడలేక మద్దెల ఓడన్నాడు. మగ్దలీనమ్మకు ఒళ్ళు మండింది. "అయ్యా, ఆ చిల్లు..." అని నోరు తెరిచింది. అక్కడే ఆగిపోయింది. నీకెట్ట తెలుసు అంటే? దొంగకు తేలు కుట్టింది. ఆ మాటకొస్తే తేలు ఇద్దర్నీ కుట్టింది. కానీ ఒక దొంగ పంచలో కూచున్నాడు, ఒక దొంగ మెట్టు కింద నిలబడింది.

"పారేసి పో. ఈ మేడ గుడ్లు ఇంక నీ చేత పొదగెయ్యం."

దారిలో తోడుగుడ్లు తీసుకుని తక్కినవి వాగులో పారబోసింది. ఇంటికెళ్ళి తోడుగుడ్లు రెండూ బొల్లిదాని కింద పెట్టింది.

*

మాట గాలికంటే ముందు పోతుంది. మూడోనాటికి కామాక్షయ్య పెళ్ళాం నాగులమ్మ పాళెం దారిలో వేపచెట్టు దాకా వచ్చి కబురు పెట్టింది. ఆమె కూతురికి నెలలు నిండాయి, ఇవాళో రేపో అన్నట్టుంది. మగ్దలీనమ్మ అప్పటికే పాతచీరలు ఉతికి ఆరేసి, ఆముదం కాచి సిద్ధంగా ఉంది. పిలుపే అనుకుని గబగబా వెళ్ళింది.

"ఏమనుకోబాక మగ్దలీ" అంది నాగులమ్మ. చూపు నేల మీదే ఉంది. "కొడవలూరునించి ఇంకొకామెను పిలిపిస్తుండారు మా ఆయన. మొదటి కాన్పు గదా, అనుమానం పెట్టుకోకూడదంటాడు."

"ఈ బిడ్డను నీ కడుపులోనించి తీసింది నేనే గదమ్మా."

"నాకు తెలీదా? మగోళ్ళకు చెప్పగలమా?" నాగులమ్మ చెంగులోంచి నాలుగు అరటిపళ్ళు తీసి ఆమె బుట్టలో వేసింది. "నువ్వు బాధపడబాక."

ఆ పళ్ళు ఆమె కోడలికిచ్చేసింది. ఏడవలేదనడానికి లేదు. పొయ్యి ముందు కూచుని పొగ మీద నెపం పెట్టి బాగా ఏడ్చింది. చేతులు చూసుకుంది. ముడతలు పడి, గోళ్ళు పొట్టిగా కత్తిరించి, రెండు చేతులూ ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. ఈ చేతులు నా మొగుడు పోయినా నన్ను పోషించాయి గదా ప్రభువా, వీటినెందుకు తీసుకున్నావు అని అడిగింది. అడుగుతుండగానే అంకాలమ్మ గుర్తొచ్చింది.

అంకాలమ్మది పట్టపుపాళెం. సముద్రం ఒడ్డున పడవలుండే ఊరు. ఆమె మొగుడు చెంచయ్య అక్కడ పెద్దకాపు, అంటే ఊరిపెద్ద. రెండేళ్ళ కిందట మేడకు వంజరం చేపలు తెచ్చి, ఎంతో మురిపెంగా కాకిడేగ గుడ్లు తొమ్మిది అడిగి పట్టుకుపోయాడు. అంతకుముందే ఆ తొమ్మిదింటికీ ఈ గుడిసెలోనే సూది దిగింది. గుడ్లు మురిగి పగిలి, పెట్టకు పురుగు పట్టి, పెట్ట కూడా చచ్చింది. ఆ ఏడే వాళ్ళ కొత్త వల మొదటి దినానే చిరిగింది. రెండూ కలిపి అంకాలమ్మ చెయ్యి మంచిది కాదన్నారు. కొత్త వలకు పసుపునీళ్ళు చల్లే పని పెద్దకాపు పెళ్ళానిది. అది ఆమెనుంచి తీసి తోడికోడలికిచ్చారు. ఎండుచేపలమ్ముకోవడానికి ఇటొచ్చినప్పుడల్లా అంకాలమ్మ ఈ గడపలో కూచుని, "యాడ తప్పు చేసినానక్కా? చెప్పక్కా" అని అడిగేది. మగ్దలీనమ్మ ఏం చెప్పింది? ఉరుముకు చెడినాయమ్మా అని చెప్పింది. మేకు పెట్టలేదా, అయ్యో, అందుకే అని చెప్పింది. రెండేళ్ళు అదే మాట చెప్పింది.

*

ఆ తర్వాత రెండు రోజులకే గంగులయ్య మళ్ళీ వచ్చాడు. చేతిలో తాటాకు బుట్ట. అందులో తొమ్మిది గుడ్లు, కాకిడేగ పెట్టలవి, మరక లేని కొత్త గుడ్లు.

"పొదగెయ్యడానికేనా?" అంది మగ్దలీనమ్మ. అడగడమైతే అడిగింది గానీ సంగతి ఆమెకు తెలుసు.

గంగులయ్య తలపాగా సర్దుకున్నాడు. "చెంచయ్య మళ్ళా అడిగినాడు. పట్టపుపాళెం ఓట్లన్నీ ఆయన చేతిలో ఉండాయి. అయ్య లేదనలేడు గదా. ఎన్నికలు ఇంక పధ్నాలుగు దినాలు. గుడ్లు లేచేది ఇరవయ్యొకటోనాడు." అని ఆగి, "నువ్వు నీ పని చేసేస్తే నేను పట్టకపోయి మేడ కాడ ఉండే చెంచయ్య పెళ్ళాం చేతికిచ్చేస్తా" అన్నాడు.

"నా చెయ్యి చెడిందన్నాడు గదా అయ్య."

"పొదిగేదానికి మే. పొడిచేదానికి కాదు." ఆ మాట అనేశాక ఆయనకే సిగ్గేసినట్టుంది, పక్కకు తిరిగి చుట్ట వెలిగించాడు. "నన్ను చూస్తే ఏం లాభం? నేనూ నీ మాదిరే. తిట్టేది నన్ను, తినేది ఆయన. కానీ, తొందరగా కానీ."

మగ్దలీనమ్మ బుట్ట తీసుకుని లోపలికెళ్ళింది. గంగులయ్య ఎప్పటిలాగే గడప అవతల, నీడలో గొంతుక్కూచున్నాడు.

డబ్బా తీసింది. సూది తీసింది. మొదటి గుడ్డును ఎడమ చేతిలో పట్టుకుంది. పెట్ట కింద నుంచి అప్పుడే తీసినట్టు ఇంకా గోరువెచ్చగా ఉంది. సూదిమొన పెంకుకు ఆనించింది. ఇరవై ఏళ్ళ అలవాటున్న వేళ్ళు, ఒక్క నొక్కు చాలు. వెనక పుష్పకుమారి బియ్యం ఏరుతూ చేతులాపి చూస్తోంది. అత్త ఏం చెయ్యబోతోందో కోడలికి అర్థమై, "గట్టు అత్తా" అని పెదాలతో మాత్రం అంది.

మగ్దలీనమ్మకు భయంగానే ఉంది. కానీ భయం కంటే అలసట పెద్దదిగా ఉంది. మళ్ళీ ఆ అంకాలమ్మ వచ్చి గడపలో కూచుంటే, మళ్ళీ ఉరుము పేరు చెప్పే ఓపిక తనకు లేదు. సూదిని డబ్బాలో పెట్టి మూత వేసింది. సున్నపుకాయ తీసి, వేలికొసతో గుడ్డు లావువైపు ఒక చుక్క పెట్టి, ఎప్పుడూ రాసినట్టే రాసింది. తొమ్మిదింటికీ పెట్టింది. ఒక్కో గుడ్డుకూ పోటుకు పట్టేంత సేపు ఆగింది కూడా.

బయటికొచ్చి బుట్ట అందించింది. గంగులయ్య ఎండలోకి పట్టుకుని చుక్కలు లెక్కబెట్టుకున్నాడు.

"తొమ్మిది. సరిపొయినాయి" అన్నాడు.

*

పట్టపుపాళేనికి పోయే దారి పాళెం పక్కనుంచే. పొద్దు వాలేవేళకు అంకాలమ్మ తలమీద ఖాళీ చేపలగంప, చంకలో ఆ తాటాకు బుట్ట పెట్టుకుని గుడిసె ముందు ఆగింది.

"మళ్ళా ఇచ్చినారక్కా! మా ఆయన ఈసారి మా తోడికోడలి చేత పెట్టిస్తానన్నాడు, నీ చేతికి అచ్చిరావు అన్నాడు. ఈ ఒక్కసారి చూస్తానని నేనే ఏడ్చి తెచ్చుకున్నా. మేకు పెడతా, బొగ్గు పెడతా, ఇంకేం పెట్టమంటావు?"

"కూచో." మగ్దలీనమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. "ఈ రేయికి పెట్ట కింద పెట్టబాక. నడిచి నడిచి పోతావు, కుదుపులు తింటాయి. మొన కిందికి పెట్టి ఇసకలో ఉంచు. రేపు పెట్టు. కడగబాక. ఏడోనాడు పొద్దు బారెడెక్కినాక తలుపేసి, చిల్లులో ఎండకు పెట్టి చూడు. ఎర్రగా నరాలు కనపడతాయి."

"అప్పుడేమో ఇవేవీ చెప్పలేదే? ఉరుము అన్నావు."

మగ్దలీనమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. ఉప్పుకు పగిలి, చేపముళ్ళు గుచ్చుకుని గరుగ్గా ఉన్నాయి.

"అప్పుడు ఉరమలేదు అంకాలమ్మా."

అంకాలమ్మకు వెంటనే అర్థం కాలేదు. బుట్ట వైపు, ఈమె ముఖం వైపు మార్చి మార్చి చూసింది. "మరెందుకు చెడినాయి?"

"నీ చేతివల్ల కాదు. నీ చెయ్యి మంచిదే. అంతకంటే నన్ను అడగబాక, చెప్పలేను."

అంకాలమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా తిరిగింది. "రెండేండ్లక్కా! రెండేండ్లు నా చేతి నీళ్ళు తాగలేదు మా అత్త" అంది. బుట్ట చంకలో పెట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసి, నడక తగ్గించి, బుట్ట కుదపకుండా రెండు చేతులతో ముందుకు పట్టుకుని నడిచింది. మగ్దలీనమ్మ ఆమె కనుమరుగయ్యేదాకా గడపలోనే నిలబడింది.

*

తొమ్మిది రోజుల తర్వాత గంగులయ్య చేతిలో బుట్ట లేకుండా వచ్చాడు. పరుగున వచ్చినట్టు ఆయాసపడుతున్నాడు.

ఆ రోజు బొల్లిదాని కింద తోడుగుడ్లకు ఇరవయ్యొకటోనాడు. మగ్దలీనమ్మ గంపను గడప దగ్గరికి తెచ్చుకుని, గోరువెచ్చటి నీళ్ళు వేళ్ళతో చిలకరిస్తోంది. ఒక గుడ్డుకు అప్పటికే పెంకు మీద చిన్న నెర్రె పడింది.

"మగ్దలీ! పట్టపుపాళెం సంగతి తెలుసా?"

"నాకెట్ట తెలుస్తుందన్నా? నన్నెవరు పిలుస్తుండారు?"

"తొమ్మిదింట్లో ఎనిమిది నరాలేసినాయంట! ఆ చెంచయ్య బస్సు కాడ నిలబడి వచ్చేవాడికీ పోయేవాడికీ చెప్తుండాడు. పెళ్ళాం చెయ్యి బంగారమంటాడు. కొత్త వలకు ఆమె చేతే నీళ్ళు చల్లించినారంట."

మగ్దలీనమ్మ చెయ్యి ఒక్క క్షణం గంప మీద ఆగింది. మళ్ళీ నీళ్ళలో ముంచింది. "అయ్యకు తెలిసిందా?"

"ఇంకా లేదు. సాయంత్రానికి తెలిసిపోతుంది. ఓట్లయ్యేదాకా చెంచయ్యను ఏమీ అనలేడు. నన్నడుగుతాడు. నేనేం చెప్పాల?" గంగులయ్య గడప దాకా వచ్చి వంగి, గొంతు తగ్గించాడు. "నిజం చెప్పు. సూది పొడిచినావా లేదా?"

"పొడవకుండానే ఇస్తానా అన్నా? చుక్కలు నువ్వే గదా లెక్కబెట్టుకున్నావు. లోపలికొచ్చి చూసుండాల్సింది."

గంగులయ్య గడప వైపు చూశాడు. తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "మరి పొడిచిన గుడ్లు ఎట్ట లేస్తాయి మే?"

లోపల పుష్పకుమారి రోట్లో దంచడం ఆపింది. మగ్దలీనమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుని, రెండూ ఆయన ముందు చాపింది.

"ఏమో నాయనా. పదిమంది ముందర అయ్యే అన్నాడు గదా, దీని చెయ్యి చెడిందని. చెడిన చెయ్యి. చెడగొట్టే పని గూడా చెడిపొయ్యుంటుంది."

గంగులయ్య ఆ చేతుల్ని చూశాడు. నవ్వాలో భయపడాలో తెలీనట్టు మీసం తుడుచుకున్నాడు.

"ఈ మాటే చెప్పమంటావా అయ్యకు?"

"ఈ మాటే చెప్పు. అక్కరం మార్చబాక. ఆయన మాటే గదా, కాదనడు."

ఆయన తలపాగా విప్పి దులుపుకుని, మళ్ళీ కట్టుకుని, వచ్చినంత వేగంగా కాకుండా నెమ్మదిగా వెళ్ళిపోయాడు. మగ్దలీనమ్మ నెర్రెపడిన గుడ్డును తీసి చెవికి ఆనించుకుంది. లోపలినుంచి సన్నగా పొడుస్తున్న చప్పుడు వినిపించింది. పెంకు ఒలిచి సాయం చేద్దామని వేళ్ళు లాగాయి గానీ చెయ్యలేదు. దాని పని అదే చేసుకోవాలి. గుడ్డును మళ్ళీ బొల్లిదాని రెక్క కింద పెట్టి, గంప నీడలోకి జరిపింది.